శ్రుతదేవీ, నీ ముఖం కోసం

తల్లీ, నిన్ను నేను మొదటిసారి చూసిన నాడు నీకు తల లేదు.

మథుర కంకాళీ దిబ్బలో దొరికి లక్నో మ్యూజియం చేరిన రాతిబొమ్మవి నువ్వు. కుషాణుల నాటి కమ్మరి ఒకడు, గోవ అని పేరు, ఇనుమును సాగగొట్టిన చేతులు జోడించి నిన్ను ప్రతిష్ఠ చేయించాడు. మనకు దొరికిన సరస్వతి ప్రతిమల్లో నీకంటే పాతది లేదంటారు. మోకాళ్లు ముడిచి గొంతుక్కూర్చున్నావు, వాకిట్లో ముగ్గు వేస్తూ ఎవరో పిలిస్తే ఆగిన ఇల్లాలిలా. మెడ పైన శూన్యం. కళ్లు లేవు, కనుబొమలు లేవు, నుదురు లేదు, నుదుట తిలకం లేదు. ఎడమ చేతిలో మాత్రం పుస్తకం ఉంది. శిరస్సు పోయింది గాని చేతిలోని గ్రంథం జారలేదు. వందల ఏళ్లు మట్టి కింద ఉన్నా ఆ పట్టు సడలలేదు.

నేను చూసింది నీ ఫొటోనే. అయినా ఆ రాత్రి నాకు కునుకు లేదు. ఈ తల్లి ముఖం ఎలా ఉండేదో, ఎటు పోయిందో, ఎవరు తెచ్చిస్తారో అనుకుంటూ తెల్లవార్చాను. ఆనాటి నుంచీ నీ వెంటే తిరుగుతున్నాను. గుళ్లలో వెతికాను, గుట్టల మీద వెతికాను, బసదుల చీకట్లో నూనెదీపం పక్కన నిలబడి వెతికాను. చివరికి నీ పోలిక ఆకులో దొరికింది. ఎండిన తాటాకులో, ఎప్పుడో ఎవరో మసి అద్దిన అక్షరంలో దొరికింది.

జైనులు నిన్ను శ్రుతదేవి అని కొలుస్తారు. శ్రుతం అంటే విన్నది. ఆకు పుట్టక ముందు, గంటం పుట్టక ముందు, నువ్వు ఊపిరివి. మహావీరుడి మాటగా ఆయన ముఖ్య శిష్యులు గణధరుల చెవిన పడ్డావు. గణధరుల నోట శిష్యుల చెవిన, శిష్యుల నోట ప్రశిష్యుల చెవిన పడ్డావు. దీపంతో దీపం ముట్టించుకున్నట్టు, దోసిలితో దోసిలి నింపుకున్నట్టు, పెదవి మీంచి చెవికి, చెవిలోంచి గుండెకు, గుండెలోంచి మళ్లీ పెదవికి నడిచావు. నీకు ఇల్లు లేదు, పెట్టె లేదు, తాళం లేదు. ఏదీ తమదనుకోని మునుల నాలుక మీద నువ్వు ఒక్కదానివే ఆస్తివి. ఆ తర్వాత రోజులు మారాయి. ఒక తరం మరిచిన మాట తర్వాతి తరానికి అందలేదు. జ్ఞాపకం చిల్లుపడ్డ కడవ అయింది. చుక్కచుక్కగా నువ్వు కారిపోతుంటే, ఆ చుక్కల చప్పుడు ముందుగా విన్నవాడు గిర్నార్ కొండ మీద, చంద్రగుహలో ఉన్న ధరసేనాచార్యుడు.

ఏ భయమూ లేనివాడు ఆయన. చావంటే భయం లేదు, చలంటే భయం లేదు, చీకటంటే భయం లేదు. అలాంటి వాడికి నీ గురించి భయం పట్టుకుంది. తనతోపాటు నువ్వూ ఆరిపోతావేమోనని! దక్షిణాపథపు ఆచార్యులు మహిమ అనే చోట కూడి ఉన్నారని తెలిసి లేఖ పంపాడు. ఆ లేఖ చదువుకుని వాళ్లు ఇద్దరు సాధువులను ఎంచి పంపారు. విన్నది పట్టగలవాళ్లు, పట్టింది నిలుపుకోగలవాళ్లు. ఎక్కడి నుంచి పంపారు? ఆంధ్రవిషయం నుంచి, వేణ్ణా నది ఒడ్డు నుంచి. ఈ కథను తర్వాతి కాలంలో వీరసేనుడు తన ధవళా టీకలో ఊరూ ఏరూ చెప్పి మరీ రాసిపెట్టాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా వేలు పుట మీద ఆగిపోయింది, కంట్లో నీళ్లు తిరిగాయి. తల్లీ, నువ్వు దాహంతో పిలిస్తే చెంబు పట్టుకుని పరుగెత్తిన ఇద్దరు పిల్లలూ మా ఏటి ఒడ్డు వాళ్లా!

వాళ్లు చేరే ముందు రాత్రి ధరసేనుడికి కల వచ్చిందట. తెల్లని ఎడ్లు రెండు, మల్లెమొగ్గల మీద వెన్నెల పడ్డంత తెల్లనివి, వచ్చి తన కాళ్ల దగ్గర తలలు వంచాయట. మెలకువ వచ్చి చూస్తే వాకిట్లో ఇద్దరు సాధువులు. అయినా ఆయన వెంటనే నిన్ను వాళ్ల చేతుల్లో పెట్టలేదు. ఇద్దరికీ చెరో మంత్రం ఇచ్చాడు. ఒకదాంట్లో ఒక అక్షరం ఎక్కువ, ఇంకోదాంట్లో ఒక అక్షరం తక్కువ. ఉపవాసం ఉండి సాధించమన్నాడు. సాధించారు. దేవతలు వచ్చి నిలిచారు. కానీ ఒక దేవతకు పళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఇంకో దేవతకు ఒకటే కన్ను.

వేరేవాళ్లయితే జడుసుకుందురు. ఇంకొకళ్లయితే వచ్చిందే వరమని దణ్ణం పెట్టుకుందురు. వేణ్ణా ఒడ్డు పిల్లలు ఆ రెండూ చెయ్యలేదు. దేవతలకు వికారం ఉండదు, వికారం ఉన్నదల్లా మన పాఠంలోనే అనుకున్నారు. మంత్రాన్ని మళ్లీ ముందేసుకుని, వ్యాకరణంతో తూచి, ఎక్కువైన అక్షరం తీశారు, తక్కువైన అక్షరం పొదిగారు. మళ్లీ జపించారు. ఈసారి ఆ దేవతలే చక్కని రూపాలతో, నిండు కళ్లతో, నిండు నవ్వుతో వచ్చారు.

అమ్మా, నీ రహస్యం నాకు అక్కడ తెలిసింది. నీ మేను అక్షరాలతో అల్లినది. లేఖకుడి రెప్ప వాలితే నీ రెప్ప చెదురుతుంది. గంటం తడబడితే నీ పెదవి వంకరపోతుంది. పురుగు తొలిస్తే నీ చెంపకు చిల్లి, చెమ్మ తగిలితే నీ నుదుటికి మరక, ఆకు విరిగితే నీ మెడకు గాయం. తాళపత్రం మీద వంగి, భూతద్దం పట్టుకుని, ఇక్కడ ఉన్నది దకారమా ధకారమా అని రోజంతా కొట్టుకునే పండితుణ్ణి చూసి చాదస్తం అనుకునేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు అనుకోను. అతను నీ కనుకొలకులో పడ్డ నలుసు తీస్తున్నాడు. శ్వాస బిగబట్టి తీస్తున్నాడు.

అలా నిలిచిన ఆ ఇద్దరికీ ధరసేనుడు ఆషాఢ శుద్ధ ఏకాదశి దాకా చెప్పి, తనకు వచ్చినదంతా పోసేశాడు. భూతగణాలు ఒకరిని పూలతోనూ బలితోనూ పూజించాయట, ఆయన భూతబలి అయ్యాడు. ఇంకొకరి ఎగుడుదిగుడు పళ్లను దేవతలు పూలవరుసలా సరిచేశారట, ఆయన పుష్పదంతుడు అయ్యాడు. చూశావా తల్లీ, నీ పలువరుస సరిదిద్దిన వాడి పలువరుసను నువ్వే సరిదిద్దావు! అప్పు తీర్చేశావు. నీ చిరునవ్వు ఎలా ఉంటుందో నాకు ఆ పేరులో కనిపించింది.

అంకలేశ్వర్‌లో వానాకాలం గడిపి ఇద్దరూ విడిపోయారు. పుష్పదంతుడు వనవాసి చేరి తొలి సూత్రాలు రచించి, జినపాలితుడి చేతికిచ్చి ద్రమిళ దేశంలో ఉన్న భూతబలి దగ్గరికి పంపాడు. భూతబలి మిగిలినదంతా పూర్తిచేశాడు. షట్ఖండాగమం పుట్టింది. ఆ గ్రంథానికి చతుర్విధ సంఘమంతా కూడి పూజ చేసిన రోజు జ్యేష్ఠ శుద్ధ పంచమి. దిగంబరులకు ఇప్పటికీ అది శ్రుతపంచమి. శ్వేతాంబరులకు కార్తీక శుద్ధ పంచమి జ్ఞానపంచమి. వానలు వెనకబడి, గాలి తేలికపడి, ఎండ పసుపు పూసుకుని వచ్చే వేళ భాండాగారాల తలుపులు తీస్తారు. కట్టలు బయటికి తెస్తారు. దుమ్ము దులిపి, గాలి పోసి, పాత గుడ్డ విప్పి కొత్త గుడ్డ చుడతారు. ఎంత అందమైన పండగ! పిల్లకు తలంటి కొత్తబట్టలు కట్టినట్టు, ఏడాదికొకసారి పుస్తకానికి పండగ చేసే జాతిని ఎలా మెచ్చుకోను?

నీకు మేను ఇచ్చిన చెట్టును తలుచుకుంటాను. శ్రీతాళం బతుకంతా ఒక్కసారే పూస్తుంది. ఆకాశానికి ఒక్క పెద్ద గుత్తి ఎత్తి చూపి, కాసి, కన్నుమూస్తుంది. తను పోతూ తన ఆకుకు తనకంటే ఎన్నో రెట్లు ఆయుష్షు ఇచ్చి పోతుంది. ఆ ఆకును కోసి, ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, దారానికి రంధ్రం పొడిచి, ముందొక చెక్క, వెనకొక చెక్క పెట్టి కట్టారు. మా దక్షిణాదిలో గంటంతో గీసి మసి అద్దారు. పశ్చిమాన కలంతో, సిరాతో రాశారు. నడుము పట్టేసి, మెడ వంగిపోయి, చూపు మందగించి, కట్ట చివర తమ కష్టం నాలుగు ముక్కల్లో చెప్పుకుని, జాగ్రత్తమ్మా అని నిన్ను మాకు అప్పగించి పోయిన లేఖకులు ఎందరో. వాళ్లలో చాలామంది పేర్లు లేవు. వాళ్ల వేళ్ల ఒత్తిడి ఉంది. వెయ్యేళ్ల కిందట ఒక సాయంత్రం చేతికి అలసట వచ్చి అక్షరం కొంచెం పెద్దదైన చోటు ఉంది. తెల్లారి మళ్లీ కూర్చున్నప్పుడు అక్షరం చిన్నదై, గుండ్రనై, కుదురుగా వచ్చిన చోటు ఉంది.

నిన్ను రాయించిన తల్లులనూ తలుచుకుంటాను. మల్లికాదేవి అనే రాజపత్ని శ్రీపంచమి నోము నోచి, ఉద్యాపనగా షట్ఖండాగమంలోని మహాబంధ ఖండాన్ని రాయించి మాఘనంది మునికి సమర్పించింది. వాయనంలో పసుపు కుంకుమ ఇస్తాం మనం, రవికగుడ్డ ఇస్తాం. ఆమె కొంగు చాటున పట్టుకొచ్చి కర్మసిద్ధాంతపు గ్రంథం ఇచ్చింది. ఆ నోము ఫలం ఆమె ఇంటికి ఒక్కదానికే చేరిందా? నాకూ చేరింది. ఇది చదువుతున్న నీకూ చేరుతోంది, పాఠకుడా.

షట్ఖండాగమానికి వీరసేనుడు ధవళా టీక రాశాడు. 72,000 శ్లోకాల పరిమాణం. ప్రాకృతంలో సంస్కృతం కలిసిన ఆ వచనం రెండు ఏళ్లు ఒకే ఇసుకతిన్నె చుట్టూ తిరిగి కలిసినట్టు ఉంటుంది. జీవుడు ఎలా కట్టుబడతాడో చెబుతూ చెబుతూ, ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేస్తే ఒకటికి చేరుతుందో లెక్కగట్టి దాన్ని అర్ధచ్ఛేదం అన్నాడు. మోక్షం దారిలో గణితం పువ్వులా రాలి ఉంటుంది అక్కడ. ఇంకో సిద్ధాంత గ్రంథం కషాయపాహుడానికి జయధవళ టీక మొదలుపెట్టి 20,000 దాకా రాసి ఆయన కన్నుమూస్తే, శిష్యుడు జినసేనుడు 40,000 చేర్చి 837లో ముగించాడు. గురువు చేతిలోంచి జారిన గంటం నేల తాకక ముందే శిష్యుడి చేతిలో ఉంది. ఆనాటి రాజు అమోఘవర్షుడి రాజ్యం పోయింది, కోటలు పోయాయి, గంటం గీసిన గీత మిగిలింది.

ఆ ధవళ, ఆ జయధవళ, ఆ మహాబంధం తాళపత్రాలుగా నిలిచిన చోటు కర్ణాటకలోని మూడబిదిరె. మూడు అంటే తూర్పు, బిదిరు అంటే మన వెదురు. తూర్పు వెదురుపొద! ఎడారిలో ఆకు బతకడం ఒక ఎత్తు, అక్కడ గాలే పొడి. మూడబిదిరెలో ఆకాశం నెలల తరబడి చిల్లుపడుతుంది. గోడకు నాచు, గుమ్మానికి బూజు, దుప్పటికి చెమ్మ. అంతటి వాననేలలో, సిద్ధాంత బసదిలో, వందల ఏళ్లు నువ్వు నానకుండా నిలిచావు. ఆకుల మీద రంగులతో దిద్దిన జినులు, దేవతలు ఇప్పటికీ నిన్న స్నానం చేసి వచ్చినట్టే ఉంటారు. ఆ అక్షరాలు కన్నడ లిపివి. నా కళ్లకు అవి పరాయివి కావు. తెలుగూ కన్నడమూ ఒకే పలక మీద దిద్దుకున్న కాలపు అక్షరాలవి. పెద్దమ్మ ఇంటికి వెళ్తే గోడ మీద అమ్మ చిన్ననాటి ఫొటో కనిపించినట్టు, ఒక్కో అక్షరం నన్ను గుర్తుపట్టి పలకరించింది.

నిన్ను కాచే పద్ధతికి నా నమస్కారం. పురుగు పట్టకుండా వసకొమ్ము పొడి మూటకట్టి కట్టల మధ్య పెడతారు. ఆ ఘాటుకు పురుగు దూరంగా పోతుంది, చావదు. నిన్ను కాపాడాలి, నిన్ను తినవచ్చే ప్రాణినీ కాపాడాలి. అహింస చెప్పే పుస్తకాన్ని హింసతో దాచడం ఎలా కుదురుతుంది? నిన్ను నేల మీద పెట్టరు, కాలు తగలనివ్వరు, ఉమ్మి తుంపర పడకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని చదువుతారు. మా ఇళ్లలో పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. ఆ కళ్లకద్దుకోవడమే అక్కడ ఒక శాస్త్రమైంది, ఒక వ్రతమైంది, వెయ్యేళ్ల కాపలా అయింది.

పశ్చిమాన నీ పుట్టిళ్లు ఎన్ని! పాటణ్‌లో హేమచంద్రుడి వ్యాకరణాన్ని సిద్ధరాజు ఏనుగు మీద ఊరేగించాడని చెప్పుకుంటారు. రాజు నడిచాడో లేదో గాని పుస్తకం ఏనుగెక్కింది! జైసల్మేర్ కోటలో, గుడి కింది నేలమాళిగలో, పదిహేనో శతాబ్దంలో జినభద్రసూరి నీకు ఇల్లు కట్టాడు. పైన ఇసుక తుఫాను, కింద చల్లని చీకటి, ఆ చీకట్లో నువ్వు. 1950లో ముని పుణ్యవిజయులు ఎడారి దారిన కాలినడకన వచ్చి ఆ చీకట్లో దీపం పెట్టారు. ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఆకులను ఏ కట్టవి ఆ కట్టకు చేర్చారు. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లలను చెయ్యి పట్టుకుని వాళ్ల అమ్మల దగ్గరికి చేర్చినట్టు.

ఆ భాండాగారాల్లోని కల్పసూత్రం బొమ్మల్లో నీ కళ్లు దొరికాయి నాకు. ఎర్రటి నేల మీద, నీలం మీద, బంగారం మీద గీసిన ఆ మనుషులకు అవతలి కన్ను చెంప గీత దాటి బయటికి వచ్చి ఉంటుంది. రెండు కళ్లూ కనబడి తీరాలని చిత్రకారుడి పట్టు. ఒంటికన్ను దేవత కథ తెలిసిన నాకు ఆ పట్టు చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. నీ తిలకం కూడా అక్కడే దొరికింది. తాటాకు పోయి కాగితం వచ్చాక దారం అక్కర్లేకపోయింది, రంధ్రమూ అక్కర్లేకపోయింది. అయినా లేఖకుడు పుట నడుమ కాస్త చోటు వదిలాడు. ఆ చోట ఎర్రని చుక్క దిద్దాడు. ఆకుగా ఉన్న నాటి జ్ఞాపకం అది. కాగితం నుదుట కుంకుమ బొట్టు.

తల్లీ, నీ మాట దొరికిన కథ చెబుతాను, విను. మూడబిదిరెలో నువ్వు తరతరాలు దర్శనానికి మాత్రమే ఉన్నావు. భక్తులు వచ్చి, చూసి, మొక్కి వెళ్లేవాళ్లు. చదివేవాళ్లు లేరు. పందొమ్మిదో శతాబ్దం చివర నీకు ప్రతి రాసే పని మొదలైంది. ఆ పనిలో కూర్చున్న మిరజ్ పండితుడు గజపతి ఉపాధ్యాయ భార్య లక్ష్మీబాయి చదువుకున్న ఇల్లాలు. నీ ప్రతి ఒకటి బసదిలో ఉండిపోతే, ఇంకో ప్రతి ఆ దంపతుల ఇంట్లో గుట్టుగా కన్నడంలో తయారైంది. తలుపు వేసుకుని, దీపం చిన్నది చేసుకుని, వంట ముగించిన చేతులు కడుక్కుని ఆమె రాసి ఉంటుందని నేను ఊహించుకుంటాను. ఇంట్లో అందరూ పడుకున్నాక కాగితం మీద కలం కదిలే చప్పుడు. ఆ చప్పుడు సహారన్‌పూర్ చేరి నాగరి లిపి అయింది. అక్కడి నుంచి ఊరూరా పాకింది. 1939లో మహారాష్ట్ర వైపు అమరావతిలో హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో ధవళ మొదటి సంపుటం అచ్చయింది. విదిశకు చెందిన ఒక వ్యాపారి దానం ఇచ్చాడు, పండితులు కళ్లు ఇచ్చారు, దాదాపు రెండు దశాబ్దాలు పట్టి 16 సంపుటాలు అయ్యాయి. ఆంధ్రదేశపు శిష్యులు, గిర్నార్ గుహ, వనవాసి సూత్రం, ద్రమిళ దేశపు పూర్తి, కన్నడ లిపి, మరాఠీ నేల మీద అచ్చు, హిందీ అనువాదం. ఒక్క తల్లి జడ అల్లడానికి ఎన్ని చేతులు!

ఆ మొదటి సంపుటంలో ఒక చోటు ఉంది. స్త్రీలు ఆధ్యాత్మికంగా ఏ మెట్టు దాకా ఎక్కగలరో చెప్పే 93వ సూత్రం. చేతికి వచ్చిన ప్రతుల్లో ఆ సూత్రం ఎక్కడో కుంటుతోంది. ముందు వెనకలు చూసి, టీకను పదేపదే తిప్పి, ఇక్కడ ‘సంజద’ అనే మాట ఉండి తీరాలని సంపాదకులకు తోచింది. సంజద అంటే సంయమం నిండినది. మూలం ఎదుట లేదు, తాళపత్రం చేతిలో లేదు. తోచిన మాటను అడుగున గుర్తుపెట్టి వదిలారు. పండితులు రెండుగా చీలి వాదించుకున్నారు. ఆ తర్వాత మూడబిదిరె తాళపత్రంతో సరిచూసే రోజు వచ్చింది. ఆకు విప్పారు. ఆ మాట అక్కడ ఉంది! ఎవరి రెప్పపాటులో ప్రతుల్లోంచి జారిపోయిందో, మూలంలో మాత్రం అన్నేళ్లూ కదలకుండా కూర్చుని ఉంది. సంయమం అనే మాట, స్త్రీ గురించిన సూత్రంలో, వానలూ చెమ్మా దాటి, తన చోట తాను కూర్చుని ఉంది. దాని అర్థం గురించి ఎవరి వాదం వాళ్లది. నాకు కనిపించింది ఒకటే, చంద్రగుహ కథ రెండోసారి జరిగింది. తక్కువైన అక్షరం పొదిగారు, ఒంటికన్ను తల్లి రెండో కన్ను తెరిచింది.

అన్ని చోట్లా ఆ అదృష్టం లేదు. మహాబంధం తాళపత్రాల్లో కొన్ని విరిగాయి, కొన్ని పోయాయి. అచ్చు పుస్తకంలో అక్కడ చుక్కలు ఉంటాయి. ఆ చుక్కల దగ్గర నేను కాసేపు ఆగుతాను, గుడి లేని గద్దె దగ్గర ఆగినట్టు. ఇక మా నేల మీద నీ సంగతి తలచుకుంటే ఆ చుక్కలూ మిగల్లేదు. కుందకుందాచార్యుల ఊరని చెప్పుకునే కొనకొండ్లలో గుట్ట మీద జినులు ఉన్నారు, తాటాకు లేదు. కొలనుపాకలో ఆదినాథుడు ఉన్నాడు, తాటాకు లేదు. కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట మీద పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు తెలుగులో కంద పద్యాలు చెక్కించాడు. బండ కాబట్టి నిలిచింది. బండ మీద ఆ మూడు పద్యాలు నిలబడి ఉంటే, ఆకుల మీద ఎన్ని పాడుకుని ఉంటారో! మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు కాబట్టి ఆ లెక్క మా ఇళ్లలో బతికింది. పలక మీద ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని దిద్దించేవాళ్లు మా పెద్దలు. ఆ సిద్ధం నమః జైనుల బడిలోంచి వచ్చిందంటారు. ఎవరికి నమస్కరిస్తున్నామో తెలియకుండానే తరాల తరబడి పిల్లలు నీకు మొక్కారు, బలపం పట్టిన వేళ్లతో.

ఒకనాడు ఒక లిఖిత పుస్తక భాండాగారంలో, కిటికీ పక్కన, ఒక అమ్మాయి పని చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఆమె ముందు కన్నడ లిపిలో ఒక జైన స్తోత్రం కట్ట. ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వెదురు పుల్లను కత్తిలా పలచగా చెక్కి, ఊపిరి కూడా తగలనివ్వకుండా ఒక్కో ఆకునూ విడదీసింది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపింది. దూదితో తుడిచింది. నిమ్మగడ్డి నూనె రాసింది. గది అంతా వాన వెలిసిన తోట వాసన. పెళుసుగా ఉన్న ఆకు కాసేపటికి మెత్తబడింది, తలంటుకున్న పసిపిల్లలా వేళ్ల మధ్య ఒదిగింది. కానీ దాని మీద ఏమీ కనిపించలేదు. ఖాళీ ఆకు. గీతలు ఉన్నాయి గాని మసి ఎప్పుడో రాలిపోయింది. ఏదమ్మా అక్షరం అని అడిగాను. ఉండండమ్మా, వస్తుంది అంది.

దీపపు మసి నూనెలో కలిపి గుడ్డ ఉండతో ఆకంతా నల్లగా పూసింది. నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత పొడిగుడ్డ తీసుకుని, ఎడమ నుంచి కుడికి, మెల్లగా తుడిచింది. మసి అంతా పోయింది. లోతున్న చోట మాత్రం నిలిచింది. ముందు గుండ్రని పొట్టలు కనిపించాయి, ఒట్టి సున్నల్లా, ఒట్టి వంకీల్లా. ఏ అక్షరమో తెలియదు. తల లేని శరీరాలు. చేతివేలు గట్టిగా ఆననిచోట గంటం తేలిగ్గా గీసిన గీత ఒకటి మిగిలిపోయింది, పైన, చిట్టచివర. ఆమె మళ్లీ ఒక్కసారి మసి అద్ది, చిటికెనవేలి చివరతో తుడిచింది. అక్షరానికి తలకట్టు వచ్చింది.

తలకట్టు! ఒకటో తరగతిలో నేర్చుకున్న మాట. కొమ్ముకు ముందు, గుడికి ముందు, దీర్ఘానికి ముందు నేర్చుకున్న మాట. ఇన్నేళ్లూ రాస్తూ వచ్చిన మాట. ఆ రోజు తెలిసింది దాని అర్థం. ఆ గది కిటికీ పక్కన, ఎండలో, వరుసంతా ఒక్కో అక్షరమూ తల ఎత్తుకుంటూ వచ్చింది. నకారం తల ఎత్తింది. మకారం తల ఎత్తింది. చూస్తుండగానే పంక్తి పంక్తంతా లేచి నిలబడి నా వైపు చూసింది.

కంకాళీ దిబ్బ తల్లీ, గోవ కమ్మరి కొలిచిన తల్లీ, ఇన్నేళ్లూ నీ శిరస్సు కోసం నేను రాయిలో వెతికాను. నువ్వు ఎడమ చేతిలోని పుస్తకం ఎందుకు వదల్లేదో ఇప్పుడు తెలిసింది. నీ తల అందులోనే దాచుకున్నావు. మసి అద్దిన ప్రతి వేలూ, సరిచూసిన ప్రతి కన్నూ, ఒక దీర్ఘం కోసం, ఒక పొల్లు కోసం రాత్రంతా కూర్చున్న ప్రతి మనిషీ నీకు దాన్ని కొంచెం కొంచెంగా తిరిగి పెడుతున్నారు.

ఆ అమ్మాయి ఇంకో ఆకు తీసింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, మసి గిన్నె పట్టుకుని కూర్చున్నాను.